ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో జిమ్మీ మెక్‌గ్రోరీకి ఎంత రేటింగ్ ఇవ్వాలి?

నేనైతే మొత్తంగా 91 ఇస్తాను. 1922 నుంచి 1937 దాకా స్కాట్లాండ్ క్లబ్ గ్లాస్గో సెల్టిక్‌కు ఆడిన సెంటర్ ఫార్వర్డ్, అంటే గోల్స్ కొట్టే ముందువరుస ఆటగాడు ఆయన. క్లైడ్‌బ్యాంక్ క్లబ్‌కు అరువు వెళ్లిన సీజన్‌తో కలిపి లీగ్‌లో 408 మ్యాచ్‌లకు 410 గోల్స్! 1928 జనవరిలో డన్‌ఫర్మ్‌లిన్ మీద ఒక్క మ్యాచ్‌లోనే 8 కొట్టాడు. కాబట్టి ఫినిషింగ్‌కు 96, అందులో బేరాల్లేవు.

అసలు చిక్కంతా హెడింగ్ దగ్గరే. ఆయన ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలే. గేమ్‌లో పొట్టివాళ్లకు గాల్లో బంతి అందడం కష్టం. కానీ ఆయన పేరు మోగింది తలతో కొట్టిన గోల్స్ వల్లే, అందుకే ‘మానవ టార్పెడో’ అన్నారు. పైగా అప్పటి తోలు బంతి వానలో తడిస్తే రాయిలా బరువెక్కేది. ఎత్తు మార్చకండి, అది అన్యాయం. హెడింగ్ 98, జంపింగ్ 95 పెట్టండి.

డ్రిబ్లింగ్, పాసింగ్ 75 చాలు. స్కాట్లాండ్‌కు 7 మ్యాచ్‌లే ఆడాడని కొందరు తగ్గిస్తారు. వాటిలోనూ 6 గోల్స్ ఉన్నాయి. అదే స్థానానికి హ్యూయీ గ్యాలకర్ లాంటి మేటి స్ట్రైకర్ పోటీలో ఉన్న కాలమది.