ఎన్నికా? ఎంపికా?

సందేహం: మాస్టారూ, మాది పాలకొల్లు దగ్గర బియ్యం మిల్లు కార్మికుల యూనియన్. మొన్నటి మహాసభ రిపోర్టులో "నూతన కార్యవర్గం ఏకగ్రీవంగా ఎన్నుకోబడింది" అని రాశాను. ఓటింగే జరగనప్పుడు ఎన్నిక ఎలా అవుతుందండీ, "ఎంపిక" అని దిద్దు అంటున్నారు మా సెక్రటరీ గారు. ఏది ఒప్పు?

సమాధానం: ముందు ఆ "ఎన్నుకోబడింది"ని కొట్టేయండి. ఎన్నుకొనులో ఉన్న "కొను"కి మన కోసం మనం అని అర్థం. దాని నెత్తిన మళ్లీ "బడు"ని ఎక్కిస్తే ఎవరు ఎవరి కోసం ఏం చేశారో ఎవరికీ అర్థం కాదు. పేపర్లు అంటించిన జబ్బు ఇది. "మహాసభ కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకుంది" అంటే ఏం తక్కువైంది?

ఇక అసలు మాట. ఎన్ను అంటే లెక్కపెట్టు. తమిళంలో ఎణ్ అంటే అంకె, ఎణ్ణు అంటే లెక్కించు, తలచు. కన్నడంలో ఎణిసు. వాళ్లు ఆ మాటను లెక్కకీ తలపుకీ ఉంచుకుని ఓట్లకి తేర్దల్ అనో చునావణె అనో వేరే మాటలు పెట్టుకున్నారు, మనం మాత్రం ఆ లెక్కనే ఓటు పెట్టె దాకా నడిపించుకొచ్చాం. "ఎన్ని ఓట్లు" అని అడుగుతాం గనక ఎన్నిక అని ఒకాయన నాతో వాదించాడు. కాదు, ఆ "ఎన్ని" ఎవరు, ఎక్కడ, ఎప్పుడుల చుట్టం. వరి ఎన్నుకీ దీనికీ సంబంధం లేదు. ఎన్నికకి పేరుప్రతిష్ఠలనే పాత అర్థం కూడా ఉంది.

లెక్కపెట్టడం నుంచి ఎత్తిచూపడం దాకా ఈ క్రియ ఎలా సాగిందో చూడాలంటే వేమన్న దగ్గరికే పోవాలి.

తప్పులెన్నువారు తండోపతండంబు
లుర్వి జనులకెల్ల నుండు తప్పు
తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు

వేళ్లు మడిచి ఒకటీ రెండూ అని లెక్కపెడుతున్నవాడు కళ్ల ముందు కనిపిస్తాడు. మూడో పాదంలో అదే మాట మళ్లీ వేసి, లెక్కపెట్టేవాణ్ణే లెక్కలోకి లాగాడు చూశారా! "ఎంచువారు" అన్నా ఛందస్సుకి లోటు రాదు గానీ నాకు మాత్రం ఆ రెండు నకారాల నొక్కే ఇష్టం. మీ మహాసభలో జరిగేదీ ఇదే. కార్యదర్శి నివేదిక, జమాఖర్చులు అయ్యాక ప్రతినిధులు లేచి కూలి రేట్ల ఒప్పందంలో ఎందుకు తగ్గారు, చందా రసీదు పుస్తకాలు ఏమయ్యాయి అని నిలదీస్తారు. పొద్దున తప్పులెన్నిన నోటితోనే సాయంత్రం మనుషుల్ని ఎన్నుతారు.

ఎంపిక ఎంచు నుంచి వచ్చింది, తెంచు-తెంపు, దించు-దింపు లాగే. ఎంచడమూ లెక్కే కాబట్టి పుట్టుకను బట్టి రెంటికీ పెద్ద తేడా లేదు, తేడా పెట్టింది వాడుక. విత్తనాన్ని, క్రికెట్ జట్టుని నలుగురు కూర్చుని ఎంపిక చేస్తారు. ఎన్నికలో అందరి మాటా ఉండాలి. చీటీలు వేయలేదు గనక ఎన్నిక కాదనడం మాత్రం చాదస్తం. కళ్లంలో ధాన్యం కొలిచేవాళ్లు ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అనేవారు, ఒకటి పలకలేదని కొలత తప్పిందా? 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టానికే ఈ తికమక తప్పలేదు. పాత నిబంధన కార్యవర్గాన్ని "నియమించే" పద్ధతి అంటే, 2001లో చేర్చినది మూడేళ్లకు మించని కాలానికి "ఎన్నుకోవాలి" అంది.

ఏకగ్రీవంలో గ్రీవం అంటే మెడ. ప్యానెల్, అంటే కార్యవర్గానికి ప్రతిపాదించే పేర్ల జాబితా, ఖాయమయ్యే ముందురాత్రి దశగ్రీవాలే కదా! అన్నట్టు, ఒక్క పూటలో ముగిసేదాన్ని "మహాసభలు" అనకండి.

మీరు నాకు చెప్పనిది ఒకటుంది. ప్యానెల్ చదివాక "ఇంకెవరైనా పోటీలో ఉన్నారా" అని అడిగారా? అడిగి ఉంటే ధైర్యంగా ఎన్నిక అనే రాయండి. అడక్కుండానే చప్పట్లు కొట్టించేసి ఉంటే మీ సెక్రటరీ గారి దిద్దుబాటే నయమేమో, బహుశా ఆయన తెలిసే అన్నారు.