పరిధి సంగతి ముందే తేల్చమని కోర్టును అడగవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. విజయవాడలో ఉండే తెలిసినాయన దగ్గర ఆరు లక్షలు చేబదులు తీసుకుని ప్రోనోటు రాసిచ్చాను. సంతకం చేసింది గుంటూరులో మా ఇంట్లోనే. రెండు లక్షలు బ్యాంకు ద్వారా తిరిగి కట్టాను. ఇప్పుడాయన నోటు విజయవాడలో రాసినట్టు చూపించి, మొత్తం సొమ్ముకి వడ్డీతో సహా అక్కడి కోర్టులో దావా వేశారు. సమన్లు అంది పన్నెండు రోజులైంది. ఆ కోర్టుకు పరిధి లేదన్న విషయం ముందు తేల్చి, అప్పటిదాకా మిగతా విచారణ ఆపమని అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు గానీ, మీ కేసులో కోర్టు ఒప్పుకోవడం కష్టం.

సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 14 రూల్ 2 ప్రకారం కోర్టు అన్ని ఇష్యూల (తేల్చాల్సిన వివాదాంశాల) మీదా ఒకేసారి తీర్పు చెప్పాలి. పరిధి గురించి గానీ, దావాకి చట్టం పెట్టిన అడ్డంకి గురించి గానీ ఉన్న ఇష్యూని మాత్రం ముందుగా తీసుకోవచ్చు. అదీ అది కేవలం న్యాయ ప్రశ్న అయినప్పుడే, కోర్టు అవసరమనుకుంటేనే. 1976 సవరణతో ఈ పద్ధతి వచ్చింది. ఒక్క ఇష్యూ మీద కేసు పై కోర్టుకి వెళ్లి, ఏళ్ల తర్వాత తిరిగొచ్చి మళ్లీ మొదలవుతుంటే ఇద్దరికీ నష్టమే కదా! సాక్ష్యం వింటే తప్ప తేలని పరిధి ప్రశ్నను ఈ రూల్ కింద ముందుగా తేల్చకూడదని నస్లీ నెవిల్ వాడియా కేసులో సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది.

నోటు ఎక్కడ రాశారన్నదే మీ తగాదా. వాది ఒక ఊరంటారు, మీరు ఇంకో ఊరంటారు. సాక్షుల్ని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేయకుండా జడ్జి గారు అది ఎలా తేలుస్తారు? ప్లెయింటులోనే (వాది వేసిన దావా పత్రంలోనే) అంతా గుంటూరులో జరిగినట్టు ఉంటే సంగతి వేరు. అప్పుడు ఆర్డర్ 7 రూల్ 10 కింద ప్లెయింటు వాపసు ఇవ్వమని పిటిషన్ వేస్తే సరిపోయేది.

ముందు నోటు కాపీ దగ్గర పెట్టుకుని చూడండి. పైన ఊరి పేరు ఏముంది? దస్తూరీ ఎవరిది? సాక్షుల చిరునామాలు ఏ ఊరివి? రాసినవాడూ ఇద్దరు సాక్షులూ గుంటూరు వాళ్లే అయితే క్రాస్‌లో మీకది మంచి ఆధారం. అయితే సొమ్ము విజయవాడలో చెల్లిస్తానని నోటులో ఉంటే, రాసింది గుంటూరులోనని రుజువు చేసినా లాభం లేదు. వ్యాజ్యకారణంలో, అంటే దావాకి దారితీసిన సంగతుల్లో, కొంత భాగం తన పరిధిలో పుట్టినా సీపీసీ సెక్షన్ 20 కింద ఆ కోర్టు దావా తీసుకోవచ్చు.

పరిధి అభ్యంతరాన్ని రిటన్ స్టేట్‌మెంట్‌లో (దావాకి మీరిచ్చే రాతపూర్వక జవాబులో) తప్పకుండా రాయండి, దాని మీద ఇష్యూ వేయించుకోండి. దావా వేసిన చోటు గురించిన అభ్యంతరం ఇష్యూలు ఖరారయ్యేలోపు చెప్పకపోతే సెక్షన్ 21 ప్రకారం అప్పీల్లో ఎత్తే వీలుండదు. చెప్పినా, దావా తప్పు చోట నడవడం వల్ల మీకు అన్యాయం జరిగిందని కూడా చూపించాలి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ‘గుంటూరులో సంతకం చేశాను’ అని రాశారంటే సంతకం ఒప్పుకున్నట్టే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 ప్రకారం సొమ్ము ముట్టిందని కోర్టు అనుకుంటుంది. అప్పు తీసుకున్న మాట నిజం కాబట్టి మీకు దీంతో ఇబ్బంది లేదు. అయినా ఆ వాక్యం పక్కనే రెండు లక్షల చెల్లింపు కూడా తేదీలతో సహా రాయించండి.

ఒకవేళ పరిధి ఇష్యూ మీరే గెలిచారనుకోండి, దావా కొట్టేయరు, ప్లెయింటు వాపసు ఇస్తారు. వాది దాన్ని గుంటూరులో దాఖలు చేస్తే విచారణ మొదటికొస్తుంది. విజయవాడలో గడిచిన కాలాన్ని, ఆయన శ్రద్ధగా, సద్బుద్ధితో నడిపి ఉంటే, లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద దావా వేసే గడువు లెక్కలోంచి మినహాయిస్తారు. ఈలోగా మీ మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఆ రెండు లక్షల రుజువు మీదే మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నా అభిప్రాయం.

రిటన్ స్టేట్‌మెంట్‌కి గడువు సమన్లు అందిన నాటి నుంచి 30 రోజులు. కారణం చూపితే 90 దాకా ఇస్తారు గానీ, దాని మీద ఆధారపడొద్దు. మీకింకా 18 రోజులున్నాయి. బ్యాంకు వాళ్ల ముద్ర, సర్టిఫికెట్ ఉన్న స్టేట్‌మెంట్‌ను రిటన్ స్టేట్‌మెంట్‌తోనే దాఖలు చేయండి, తర్వాతైతే కోర్టు అనుమతి కావాలి. సొమ్ము వాది ఖాతాలో కాక ఆయన ఇంట్లో వాళ్ల ఖాతాలో వేసి ఉంటే, ఎవరు చెబితే అలా వేశారో కూడా రాయించండి.