జీతం ఆగినా ఒకటో తారీఖు ఆగకూడదు

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు: "నా వయసు 57. మా వారు ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసి, గత ఏడాది 60 నిండాక రిటైరయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ, పాత పొదుపు కలిపి 54 లక్షలు వచ్చాయి. అదంతా ఒకే బ్యాంకులో ఆయన పేరు మీదే ఉంది. పీఎఫ్ పెన్షన్ నెలకు 4,200, పై వాటా అద్దె 8,500 వస్తాయి. ముప్పై ఏళ్లుగా ఒకటో తారీఖున ఆయన ఇచ్చిన డబ్బుతో ఇల్లు నడిపాను, ఏనాడూ లెక్క అడగలేదు. ఇప్పుడు రోజంతా ఇంట్లోనే ఉంటున్నారు. గ్యాసు ఇంత తొందరగా ఎందుకయిపోయింది, పాలు ఇన్ని ప్యాకెట్లు ఎందుకని అడుగుతారు. రైతుబజారుకు తానే వెళ్లి, చవగ్గా ఉన్నాయని ఇద్దరికీ వారం పట్టే కూరలు తెస్తారు. ఖర్చు నెలకు 33 వేలు దాటుతోంది. నేను వీధిలో నెలకు 2,500 చొప్పున చీటీ కడుతున్నానని ఈ మధ్యే తెలిసి చాలా నొచ్చుకున్నారు. వరసకు తమ్ముడయ్యే ఒకాయన రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు అడుగుతున్నాడు, ఇద్దామంటున్నారు. నా పేరున కొంత వెయ్యమని అడిగితే ఆయన్ని నమ్మనట్టు అవుతుందా?"

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. కాదు. అలా అడగడం అపనమ్మకం కాదు, మీ ఇంటికి అది అవసరం కూడా. మీవారికి ఏదైనా జరిగితే పీఎఫ్ పెన్షన్‌లో మీకు వచ్చేది సగమే, అంటే సుమారు 2,100 రూపాయలు. మీరు ఆయనకన్నా మూడేళ్లు చిన్నవారు. డబ్బంతా ఒక్కరి పేరు మీద, ఒక్కరి జ్ఞాపకంలో ఉంటే, ఆ ఒక్కరు ఆసుపత్రిలో చేరిన రోజున రెండోవారు చెక్కు మీద సంతకం కూడా పెట్టలేని స్థితిలో పడతారు. నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో ఈ పరిస్థితిని పలుమార్లు చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మీవారి ప్రశ్నల సంగతి. అవి మీ దుబారా మీద పుట్టిన అనుమానాలు కావని నా అభిప్రాయం. ముప్పై ఏళ్లపాటు నెల తిరిగేసరికి వచ్చిన జీతం ఆగిపోయాక, ఖర్చయ్యే ప్రతి రూపాయి అసలులోంచి తరిగిపోతున్నట్టు ఆయనకు కనిపిస్తుంది. పైగా ఇంట్లో ఒక మనిషి పగలంతా ఉంటే కాఫీలు, మధ్యాహ్నం ఏసీ, సాయంత్రం ఫలహారం పెరగక తప్పదు. ఇదివరకు ఆ ఖర్చులో కొంత కంపెనీ క్యాంటీనులో, కంపెనీ కరెంటు మీద నడిచేది. కరెంటు చార్జీ శ్లాబుల ప్రకారం పెరుగుతుంది గనుక, వాడకం కొంచెం పెరిగినా బిల్లు ఎక్కువగానే పెరిగినట్టు ఉంటుంది. కాబట్టి పాల ప్యాకెట్లు తగ్గించడం దీనికి మందు కాదు. ఆగిపోయిన ఒకటో తారీఖును మళ్లీ తెచ్చుకోవాలి.

అందుకు మొదటి ఆధారం పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ ఉన్న సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్. 2023 ఏప్రిల్ నుంచి ఇందులో ఒక్కొక్కరి గరిష్ఠ పరిమితి 30 లక్షలు, వడ్డీ 8.2 శాతం, చేరిన నాటి రేటు అయిదేళ్లూ మారదు. మీకు ఇంకా 60 నిండలేదు కాబట్టి మీ పేరున విడిగా ఖాతా తెరవలేరు, కానీ భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో రెండో పేరుకు ఈ వయసు నిబంధన లేదు. మీవారు మొదటి పేరుగా, మీరు రెండో పేరుగా 30 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకు 20,500. ఈ వడ్డీ మూడు నెలలకు ఒకసారి గానీ రాదు గనుక, మొదటి త్రైమాసికం గడవడానికి ఒక లక్ష పక్కన ఉంచుకోండి. ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగేలా ఇంటి ఖర్చు కోసమే ఒక ఉమ్మడి పొదుపు ఖాతా తెరిచి, ప్రతి ఒకటో తారీఖున 20,500 దానంతట అదే అందులోకి జమ అయ్యేలా బ్యాంకుకు రాసివ్వండి.

రెండోది, పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో మీ ఒక్కరి పేరున 9 లక్షలు. ఒక్కరి ఖాతాకు పరిమితి అంతే. 7.4 శాతం చొప్పున నెలకు 5,550 మీ సొంత ఖాతాకే వస్తుంది. భర్త భార్యకు ఇచ్చే డబ్బు మీద పన్ను లేదు. దాని మీద వచ్చే వడ్డీని మాత్రం ఆయన ఆదాయంలో కలిపి చూపాలి. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకూ ఆదాయం మీద పన్ను కట్టనక్కరలేదు, మీ ఇంటి ఆదాయం అందులో సగం కూడా లేదు. అయినా సీనియర్ సిటిజన్ వడ్డీ ఏడాదికి లక్ష దాటితే ముందే పది శాతం పన్ను కోత పడుతుంది, అందుకని పన్ను వర్తించదని తెలిపే ధ్రువీకరణ పత్రాన్ని మీవారు ఏటా ఏప్రిల్‌లోనే ఇవ్వాలి.

ఆ 5,550లో 3,000 ఇంటి ఖాతాలో వేసి 2,550 మీ దగ్గర ఉంచుకోండి. అద్దెలోంచి 2,500 మీవారు ఉంచుకుని మిగిలిన 6,000 ఇంటి ఖాతాలో వెయ్యాలి. పెన్షన్ 4,200తో కలిపి ఇంటి ఖాతాకు నెలకు 33,700 చేరుతుంది, మీ ఖర్చుకు అది సరిపోతుంది. ఎవరి దగ్గర ఉంచుకున్న డబ్బుకు వారిని రెండోవారు లెక్క అడగకూడదు. ఈ ఒక్క నియమం మీద ఇద్దరూ మాట ఇచ్చుకోండి. పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బు మన ఇళ్లలో ఎన్ని ఫీజులు కట్టిందో, ఎన్ని పురుళ్లు పోసిందో మనందరికీ తెలుసు; అది దొంగచాటు కాదు, మీకు అప్పట్లో అందుబాటులో ఉన్న పొదుపు దారి అదొక్కటే. ఇప్పుడు ఆ డబ్బు బయటకు, మీ పేరు మీదకు రావాలి. చీటీని మధ్యలో ఆపకండి, పూర్తయ్యే వరకూ కట్టి పాట డబ్బు తీసుకోండి. అయితే రిజిస్టరు కాని చీటీకి 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం రక్షణ ఉండదు, అందువల్ల కొత్తది వేయవద్దు. కూరగాయల విషయంలో నేను తీర్పు చెప్పను గానీ, బజారు పని ఆయనదైతే ఆ డబ్బు కూడా ఇంటి ఖాతాలోంచే తీసుకోవాలని, ఏం తేవాలో మీరు చెప్పాలని ముందే అనుకుంటే మంచిది.

రెండు రూపాయల వడ్డీ ఎందుకు ఆకర్షిస్తుందో నాకు అర్థమవుతుంది. 30 లక్షలు ప్రభుత్వ పథకంలో వేస్తే వచ్చే 20,500కు దాదాపు సమానంగా, కేవలం 10 లక్షలకు నెలకు 20,000 వస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఏడాదికి 24 శాతం వడ్డీ కట్టడానికి ఒప్పుకునే మనిషికి బ్యాంకు ఎందుకు అప్పివ్వలేదో మీవారు ఒక్కసారి ఆలోచించాలి. ప్రోనోటుకు కాలపరిమితి మూడేళ్లు, ఆలోగా కోర్టుకెళ్లకపోతే హక్కే పోతుంది. తమ్ముడి మీద దావా వేసే మనసు మీ ఇంట్లో ఎవరికీ ఉండదు. సాయం చెయ్యాలనిపిస్తే, తిరిగి రాకపోయినా బాధపడని మొత్తమేదో అనుకుని అంతే ఇవ్వండి. ఈ డబ్బుకు మళ్లీ సంపాదించే వయసు లేదు. అందుకే ఈ విషయంలో మీరు వద్దంటే మీవారు వినాలని నేను కోరుతున్నాను.

మిగిలిన 15 లక్షల్లో ఆరు లక్షలు వైద్యానికి, ఇంటి మరమ్మతులకు, మొదట చెప్పిన ఆ లక్షకు. వీటిని రెండు బ్యాంకుల్లో పెట్టండి, ఎందుకంటే ఒక బ్యాంకులో ఒక ఖాతాదారుడి డిపాజిట్‌కు బీమా వడ్డీతో కలిపి 5 లక్షల వరకే, అందుచేత ఇవాళ మీ 54 లక్షలూ ఒకేచోట ఉండటం నాకు నచ్చలేదు. తొమ్మిది లక్షలను నెలకు 50 వేల చొప్పున 18 నెలలపాటు ఇండెక్స్ ఫండ్‌కు, అంటే నిఫ్టీ లాంటి షేర్ల సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్‌కు, మార్చమంటాను. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే నేటి 33 వేల ఖర్చు పన్నెండేళ్లకు 66 వేలవుతుంది, స్థిరమైన వడ్డీ మాత్రం అలా పెరగదు. కానీ 2020 జనవరిలో 12,400 దాకా ఉన్న నిఫ్టీ మార్చి 23న 7,610కి దిగింది. ఏడేళ్లు ముట్టుకోకుండా, అలాంటి పతనం చూసి నిద్ర చెడకుండా ఉండగలమని ఇద్దరూ అనుకుంటేనే ఈ పని చెయ్యండి, లేకుంటే ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనే ఉంచండి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా రిటైర్మెంటుతో ముగిసి ఉంటే, ఇద్దరికీ సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. షుగరు, బీపీ ఉంటే దాచకుండా రాయండి. 2024 నుంచి ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్లకు మించకూడదు, ఆలస్యం చేసినకొద్దీ ఆ మూడేళ్లూ అంత వెనక్కి జరుగుతాయి.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని ప్రతి ఖాతాకూ నామినీ ఎవరో చూసుకోండి. వీలునామా కూడా రాసి ఉంచుకోండి. తెల్ల కాగితం మీద రాసి, రాసినవారు సంతకం చేసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుంటే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ తర్వాత పోస్టాఫీసుకు ఆధార్, పాన్, ఫొటోలు తీసుకుని వెళ్లండి. లక్షకు మించిన మొత్తాన్ని చెక్కు ద్వారానే కట్టాలి. మీవారిని ఒంటరిగా పంపవద్దు, ఉమ్మడి ఖాతా ఫారం మీద మీ సంతకం కూడా కావాలి.