సర్కారు ఆసుపత్రిలో సిజేరియన్, కడుపులో మిగిలిన గుడ్డ: ఎవరి మీద కేసు వేయాలి?

ప్రశ్న: ఏరియా ఆసుపత్రిలో మా చెల్లెలికి సిజేరియన్ చేశారు. అప్పటినుంచి కడుపునొప్పి తగ్గలేదు. పది నెలల తర్వాత ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ తీస్తే కడుపులో గుడ్డ ఉన్నట్టు తేలింది, పోయిన నెల ఆపరేషన్ చేసి తీశారు. పాత కేస్ షీటు అడిగితే ఇవ్వడం లేదు. వినియోగదారుల ఫోరంలో కేసు వేయవచ్చా?

జవాబు: అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం పరిధిలోకి రాదని, కొందరి దగ్గర డబ్బు తీసుకునే ఆసుపత్రిలోనైతే ఉచితంగా చికిత్స పొందినవారు కూడా వినియోగదారులేనని సుప్రీంకోర్టు 1995లో వి.పి.శాంత కేసులో తేల్చింది. ఓపీ చీటీకి కట్టే నామమాత్రపు రుసుము ఇందులో లెక్కకు రాదు. కాబట్టి మీ ఏరియా ఆసుపత్రి విషయంలో ఆ దారి మూసుకుపోవచ్చు. అంతమాత్రాన ప్రభుత్వం బాధ్యత తప్పించుకోలేదు.

ఔరంగాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో 1963 జూలైలో కాన్పయిన మహిళకు మూడు రోజులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. ఆమె పరిస్థితి విషమించడంతో 19న మళ్లీ కడుపు తెరిచి చూస్తే లోపల తువ్వాలు కనిపించింది, 24న ఆమె మరణించింది. ఆ ఖోద్వా కేసులో 1996లో తీర్పునిస్తూ, ఆసుపత్రి నడపడం సార్వభౌమ విధి (నష్టపరిహారం నుంచి ప్రభుత్వానికి మినహాయింపు ఇచ్చే రాజ్యపాలన పని) కాదని, తప్పు ఫలానా డాక్టరుదని తేలకపోయినా సిబ్బంది నిర్లక్ష్యానికి రాష్ట్ర ప్రభుత్వమే పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయం దక్కడానికి ఆ కుటుంబానికి మూడు దశాబ్దాలు పట్టిందన్నది వేరే సంగతి. మీ చెల్లెలి కేసుకు ఇంతకన్నా దగ్గరి తీర్పు దొరకదు.

అయితే ముందు కాగితాలు చేతికి రావాలి. కోత మూసే ముందు గుడ్డలు, పరికరాలు, సూదులు లెక్కపెట్టి ఆ లెక్క రాసి ఉంచడం ఆపరేషన్ థియేటర్ల పద్ధతి. కేస్ షీటుతోపాటు ఆపరేషన్ నోట్సును, ఆ లెక్క రాసిన కాగితాన్ని కూడా పేరుపెట్టి అడగండి. రోగి అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. సూపరింటెండెంటుకు రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు పంపి, దాంతోపాటు సమాచార హక్కు చట్టం కింద కూడా అడగండి. రెండో ఆపరేషన్ చేసిన ప్రైవేటు డాక్టరు నోట్సు, స్కానింగ్ ఫిల్ములు, తీసిన గుడ్డ ఫొటో, బిల్లులు భద్రం చేయండి. నా దృష్టిలో ఈ కేసుకు ప్రాణం అవే.

కేసు వేసే గడువు విషయంలో అలసత్వం వద్దు. శ్రీఖండే కేసులో, లోపల మిగిలిన గుడ్డ సంగతి బయటపడిన రోజునుంచి గడువు లెక్కించవచ్చన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 2010లో అంగీకరించింది. కానీ ఆ కేసులో ఫిర్యాదుదారు స్వయంగా నర్సు అయ్యుండి, ఏళ్ల తరబడి నొప్పి ఉన్నా డాక్టరుకు చూపించుకోలేదని ఆమె ఫిర్యాదును తోసిపుచ్చింది. మీ చెల్లెలు మధ్యలో చూపించుకున్న ప్రతి చీటీ అందుకే అవసరం. ప్రభుత్వంపై సివిల్ దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద జిల్లా కలెక్టరుకు రెండు నెలల నోటీసు ఇవ్వాలి కనుక, వాయిదా వేయకుండా గుడ్డ బయటపడిన ఏడాదిలోపే దావా వేయడం క్షేమం.

దావా వద్దనుకుంటే ప్రజోపయోగ సేవల శాశ్వత లోక్ అదాలత్ ఉంది: కోర్టు ఫీజు లేదు, రాజీ కుదరకపోయినా అది తీర్పు ఇవ్వగలదు, కాకపోతే అక్కడ దరఖాస్తు చేశాక అదే వివాదంపై మరో కోర్టుకు వెళ్లడం కుదరదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కు కనుక, మీ చెల్లెలి చేత జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టించండి.