చేపలు లేని మడుగులో బాతులెందుకు ఎక్కువ?

ప్రశ్న: కెనడాలోని సస్కాచెవాన్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు లాస్ట్ మౌంటెన్ సరస్సులో మూరెడేసి చేపలు పడటం చూశాను. ఆ దగ్గర్లోనే పొలాల మధ్య ఉన్న చిన్న మడుగుల్లో చేపలే ఉండవని చెప్పారు. బాతులు మాత్రం కిక్కిరిసి ఉన్నాయి. ఎందుకిలా? – ఒక పాఠకురాలు

జవాబు: రెండింటికీ కారణం అక్కడి చలికాలమే. హిమానీనదాలు కరిగి వెనక్కి తగ్గినప్పుడు ప్రెయిరీ మైదానంలో మిగిలిన గుంటలే ఈ మడుగులు; చాలావాటిలో మనిషి లోతు నీరు కూడా ఉండదు. పైన నీరు గడ్డకట్టి, ఆ గడ్డమీద హిమం దట్టంగా పేరుకుంటే అడుగుకు వెలుతురు చేరదు కనుక నాచు, నీటి మొక్కలు ఆక్సిజన్‌ను తయారు చేయలేవు. కుళ్లుతున్న ఆకులూ కాడలూ మాత్రం ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేస్తూనే ఉంటాయి. చలికాలం గడిచేలోగా చేపలకు ఊపిరాడదు. ఫ్యాట్‌హెడ్ మిన్నో వంటి వేలెడంత చేపలు కొన్నిచోట్ల తట్టుకుంటాయి. లాస్ట్ మౌంటెన్ సరస్సు 90 కిలోమీటర్లకు పైగా పొడవున్న లోతైన సరస్సు కాబట్టి అందులో వాలై, పైక్, పెర్చ్ చేపలు నిక్షేపంగా బతుకుతాయి.

ఇక బాతుల సంగతి. పొదిగి బయటపడ్డ తొలి వారాల్లో బాతుపిల్లలకు గింజలు చాలవు. నీటి పురుగులు, నత్తలు కావాలి. చేపలున్న నీటిలో వాటిని చేపలే ముందుగా తినేస్తాయి. అందుకే మల్లార్డ్, సూదితోక బాతులకు చేపలు చచ్చిన మడుగే మంచి పురిటిల్లు. బల్లిలా కనిపించే ఉభయచరం టైగర్ శాలమాండర్‌కూ అంతే. ఖాళీగా ఉన్నాయి కదా అని అలాంటి మడుగుల్లో చేపపిల్లలను వదలడం, నా దృష్టిలో, మేలు చేయబోయి కీడు చేయడమే.

చేపలే తిండి అయిన తెల్ల గూడబాతుల (పెలికాన్‌ల) తీరు ఇందుకు పూర్తిగా వేరు. అవి నీటిలోకి దూకి మునగవు. వరుస కట్టి ఈదుతూ చేపలను లోతు తక్కువ చోటికి తరిమి, సంచి ముక్కుతో తోడుకుంటాయి. జతకట్టే కాలంలో వాటి పైముక్కు మీద చిన్న కొమ్ములాంటిది మొలుస్తుంది; గుడ్లు పెట్టాక రాలిపోతుంది.

మళ్లీ వెళితే శరదృతువులో సరస్సు ఉత్తర కొస చూడండి. అక్కడి పక్షుల ఆశ్రయం 1887లో ఏర్పడింది. ఉత్తర అమెరికాలో అదే మొదటిది. శాండ్‌హిల్ క్రేన్ కొంగలు రాత్రంతా లోతు లేని నీటిలో నిలబడి, తెల్లవారగానే కోసిన పొలాల మీదికి లేచిపోతాయి.