నాలుగు డిస్కుల పెట్టె రాత్రి ఎందుకు హోరెత్తుతుంది?

ప్రశ్న: మాది పెళ్లి వీడియోలు తీసే స్టూడియో. 4 టెరాబైట్ల హార్డ్ డిస్కులు నాలుగింటిని ఒకే పెట్టెలో రైడ్ 5గా (నాలుగూ ఒకే డిస్కులా పనిచేస్తూ, ఒకటి చెడినా ఫైళ్లు మిగిలే అమరిక) అమర్చి, చెక్క బల్ల మీద కంప్యూటర్ పక్కన పెట్టుకున్నాను. పగలు తెలియదు గాని, రాత్రి ఎడిటింగ్‌కు కూర్చుంటే గుయ్యిమనే మోత పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తోంది. డిస్కులు పాడవుతున్నాయా? ఒకటి పోయినా ఫైళ్లకు ఢోకా లేదని అమ్మినవారు అన్నారు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ మోతలో డిస్కుల వాటా కంటే మీ బల్ల వాటాయే ఎక్కువ కావచ్చు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. అయితే నాలుగూ అచ్చంగా ఒకే వేగంతో తిరగవు కనుక, శ్రుతి సరిగా కలవని రెండు తంబురా తీగెలను మీటినప్పుడు నాదం ఊగినట్లే ఈ హోరు కూడా ఊగుతుంది. ఆ కంపనాన్ని అందుకొని పెద్దది చేసే తంబురా బుర్ర పాత్ర మీ బల్ల చెక్కది. పెట్టెను ఆపి (నడుస్తుండగా ఎప్పుడూ కదపకండి), మందపాటి రబ్బరు మ్యాట్ మీద, వీలైతే నేల మీద ఉంచి చూడండి. మోత భరించలేక బీరువాలో మూసిపెట్టేవారున్నారు. గాలి ఆడక డిస్కులు వేడెక్కుతాయి, ఫ్యాన్ మరింత గోల చేస్తుంది.

కంపనం చెవికే కాదు, పనికీ అడ్డే. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల వరుస ముందు నిలబడి గట్టిగా అరిస్తే, ఆ క్షణాన వాటి స్పందన మందగించడం తెరమీది గ్రాఫులో స్పష్టంగా కనిపించింది. మీరు భయపడవలసింది నిలకడగా సాగే హోరుకు కాదు, కొత్తగా మొదలైన శబ్దానికి: ఆగి ఆగి టక్‌టక్‌మనడం, డిస్కు తిరగడం మానేసి మళ్లీ మొదలుపెట్టడం వంటివి వినిపిస్తే ముందు ఫైళ్లు కాపీ చేసుకొని, తర్వాత డిస్కుల స్మార్ట్ నివేదిక (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్క) చూడండి. అందులో పాడైన సెక్టార్ల (డిస్కులో సమాచారం దాచే చిన్న చిన్న గడుల) లెక్క వారం వారం పెరుగుతుంటే ఆ డిస్కును మార్చేయాలి.

అమ్మినవారు చెప్పింది సగమే. ఒక డిస్కు పోతే కొత్తదాన్ని నింపడానికి మిగిలిన మూడింటినీ, అంటే 12 టెరాబైట్లను, మొదటినుంచి చివరిదాకా చదవాలి. చాలా డెస్క్‌టాప్ డిస్కులకు తయారీదారులు ఇచ్చే హామీ దాదాపు 12.5 టెరాబైట్లు చదివితే ఒక లోపానికి మించదనే. వాస్తవంలో అవి ఇంతకంటే మెరుగ్గానే పనిచేస్తాయి గాని, ఒకే రోజు కొన్న, ఒకే వయసు డిస్కులు చదవడానికి గంటల తరబడి శ్రమపడే సమయమది; అప్పుడే మరొకటి కూడా పోతే ఫైళ్లు దక్కవు. పైగా పొరపాటున చెరిపేసిన ఫైలును, పిడుగుకు మాడిన పెట్టెను, దొంగ ఎత్తుకెళ్లిన పెట్టెను ఏ రైడూ తిరిగివ్వదు. కనుక కస్టమరుకు ఇంకా అందజేయని పెళ్లిళ్ల ఫుటేజీని విడి డిస్కులో కాపీచేసి ఇంట్లో ఉంచండి. కరెంటు హఠాత్తుగా పోతే రాస్తున్న సమాచారం సగంలో ఆగిపోకుండా పెట్టెకూ యూపీఎస్ తప్పనిసరి.

ప్రశ్న: అన్నీ ఎస్ఎస్‌డీలే (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో సమాచారం దాచే డిస్కులు) పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు కదా?
– మరొక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఫ్యాన్ తప్ప మోత ఉండదు. కాని అదే సామర్థ్యానికి ఖర్చు ఎక్కువ, పైగా చెడిపోయే ముందు అవి చప్పుడు చేసి హెచ్చరించవు. ఎడిటింగ్ జరుగుతున్న ఫైళ్లకు ఎస్ఎస్‌డీ, పూర్తయినవాటికి తిరిగే డిస్కులు వాడుకుంటే రాత్రిపూట ఆ పెట్టెను ఆపేసి పని చేసుకోవచ్చు.