‘ఎవరి పోలిక?’ అని అడిగిన మేనకోడలికి

అమ్మడూ,

బాబుకు ఆటిజం అని, అంటే మనుషులతో మెలగడంలోనూ అలవాట్లలోనూ పుట్టుకతో ఉండే తేడా అని, డాక్టరు రాసిచ్చిన కాగితం కంటే, “ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?” అన్న మీ అత్తగారి మాటే నిన్ను ఎక్కువ కుదిపిందని ఫోన్లో నీ గొంతు వింటేనే అర్థమైంది. ఆవిడకు జవాబు చెప్పడానికి రెండు వైపులా వంశవృక్షం గీస్తున్నానన్నావు. గియ్యి, మంచిదే. ఆవిడకు జవాబు చెప్పడానికి మాత్రం గీయకు.

ఆ ప్రశ్న నిన్నా మొన్నటిది కాదు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే, వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామంది ముభావంగా ఉంటారని గమనించాడు. అది పోయి పోయి తల్లుల మెడకు చుట్టుకుంది. అమ్మ ప్రేమ చూపకపోవడం వల్లే పిల్లాడు ఇలా అయ్యాడని ఏళ్ల తరబడి నమ్మారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు అది తప్పని పుస్తకం రాశాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే. 1977లో 21 కవల జంటల మీద చేసిన పరిశోధనతో వంశపారంపర్యం సంగతి గట్టిపడింది. నాకైతే ఇదంతా తలుచుకుంటే కోపం వస్తుంది. ముభావంగా కనిపించిన ఆ తల్లిదండ్రుల్లో కొందరు తమ పిల్లల్లాగే పుట్టినవాళ్లేమో అని ఒక్కరికైనా తట్టలేదా?

2019లో ఐదు దేశాల్లో సుమారు 20 లక్షల మంది వివరాలు చూసి, ఆటిజంలో వంశపారంపర్యం పాలు దాదాపు 80 శాతమని తేల్చారు. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. నీకు పుట్టే పిల్లలకు 80 శాతం అవకాశం ఉందని కాదు. జనంలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాలో అంత భాగం జన్యువుల వల్ల అని. ఆ జన్యువులూ ఒకటీ రెండూ కావు, వందల్లో ఉంటాయి. రెండు వైపుల నుంచీ తలా కాస్తా వచ్చి కలుస్తాయి. కొన్ని మార్పులైతే అమ్మలోనూ నాన్నలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుడతాయి. అందుకే మీ అత్తగారి ప్రశ్నకు చాలా ఇళ్లలో జవాబే దొరకదు.

మరి పోలికలు ఎందుకు వెతకడం అంటావా? బాబుకు పనికొస్తాయి కనుక.

పెద్దవాళ్లను “ఆయనకు ఆటిజం ఉండేదా?” అని అడిగితే ఏమీ చెప్పలేరు. ఇళ్లలో దానికి వేరే పేర్లున్నాయి. చాదస్తం, తిక్క, పొగరు, మొండితనం, “నలుగురిలో కలవడు”, “ఉన్నదున్నట్టు మొహాన అనేస్తాడు”. ఆ మాట వినపడిన చోట ఆగి, అసలేం జరిగేదో అడుగు. మీ తాతయ్యకు చాదస్తం అని అందరూ అనేవాళ్లు. కూతురిగా నేను చూసింది ఇదీ. ప్రయాణం గంట ఆలస్యమైతే ఆ రోజంతా ఆయనకు మాట పెగిలేది కాదు. చొక్కా మెడ దగ్గరి లేబుల్ బ్లేడుతో కోశాకే తొడుక్కునేవారు. రైళ్ల టైంటేబుళ్లు మొత్తం కంఠతా వచ్చు, ఎదుటివాళ్లు ఆవలిస్తున్నా అప్పజెప్పడం ఆపేవారు కాదు. మీ నాన్నది వేరే దారి. పది పనులు మొదలుపెట్టి తొమ్మిది వదిలేస్తాడు, తాళాలు జేబులో పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. ఇప్పటి పిల్లాడైతే, ధ్యాస ఒకచోట నిలవని ఏడీహెచ్‌డీ ఉందేమో చూడమనేవారు. ఒకే కుటుంబంలో ఒకరికి ఆటిజం, ఒకరికి ఏడీహెచ్‌డీ, ఇంకొకరికి డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) కనిపించడం అరుదేమీ కాదు. అయినా మా చిన్నప్పుడు ఎవరు గుర్తించగలరులే? అమెరికా సైకియాట్రిస్టుల మాన్యువల్లో ఆటిజానికి సొంత పేరు దొరికిందే 1980లో. ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే మనిషికి ఉన్నాయని రాయడానికి 2013 దాకా అది ఒప్పుకోలేదు.

ఆడవాళ్ల విషయంలో ఇంకాస్త లోతుకు వెళ్లు. నేను ఏ ఫంక్షన్‌కి వెళ్లినా వెంటనే ఏదో ఒక పని నెత్తిన వేసుకునేదాన్ని. “ఎంత కలుపుగోలు మనిషో” అనేవాళ్లు. నిజానికి చేతిలో పనుంటే ఎవరి పక్కనా కూర్చుని కబుర్లు చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చాక లైటార్పి రెండు గంటలు పడుకునేదాన్ని. లోపలి ఇబ్బంది దాచుకుని పైకి అందరిలా కనపడే దీన్ని ఇప్పుడు మాస్కింగ్ అంటున్నారు. కాబట్టి మీ అమ్మమ్మలూ అత్తలూ నలుగురిలో ఎలా ఉండేవారో అడిగి వదిలేయకు, ఇంటికొచ్చాక ఎలా ఉండేవారో కూడా అడుగు.

నా వల్ల జరిగిన ఒక పొరపాటూ చెప్పాలి. ఇదంతా కొత్తగా చదివిన రోజుల్లో కనపడిన ప్రతివాడికీ పేరు పెట్టేశాను. పిలిస్తే పలకని, ఎవరి మొహమూ చూడని ఒక బంధువుకు ఆటిజమే అని తేల్చి, నలుగురికీ చెప్పాను కూడా. తీరా చూస్తే ఆయనకు ఒక చెవి చిన్నప్పటి నుంచీ వినపడదట! దిగులు, చెవుడు, జీవితంలో తిన్న దెబ్బలు, ఇవన్నీ బయటికి అలాగే కనపడొచ్చు. ఒక్క లక్షణం ఉంటే సరిపోదు. మనుషులతో మెలగడంలోనూ, ఒకే తీరు పట్టుకుని వేలాడటంలోనూ, రెండింట్లోనూ చిన్నప్పటి నుంచీ ఉండి, బతుకు ఇబ్బంది పడి ఉండాలి. పోయినవాళ్ల పేరు పక్కన ఆటిజం అని రాయకు. వాళ్లు ఏం చేసేవారో రాసుకో, చాలు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే కాగితంలో ఇంకో రెండు సంగతులు చేర్చు. మీ వైపు తాతల్లో ఎవరికైనా 50 దాటాక చేతులు వణకడం, నడక తూలడం ఉన్నాయా? ఆడవాళ్లలో ఎవరికైనా 40 లోపే నెలసరి ఆగిపోయిందా? సంబంధం లేని ప్రశ్నల్లా ఉంటాయి గానీ, ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యుపరమైన సమస్య ఉన్న కుటుంబాల్లో ఇవి కనిపిస్తాయి, దానికి రక్తపరీక్ష ఉంది. ఇక బాబు తర్వాత పుట్టిన పాప సంగతి. అన్నకో అక్కకో ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం ఐదుగురిలో ఒకరికి. 18, 24 నెలలకు స్క్రీనింగ్ మానొద్దు. ఈలోగా రోజూ దాన్ని పరీక్షిస్తూ టెన్షన్ పడకు, హాయిగా ఆడించు.

మీ నాన్నతో మాత్రం జాగ్రత్త. “నీకూ ఉంది నాన్నా” అన్నావంటే ఆరు నెలలు ఫోనెత్తడు. బాబు గురించి మాట్లాడు. “వీడు ఒక పని మీద నిలవడం లేదు, నువ్వు చిన్నప్పుడు పరీక్షలకు ఎలా చదివేవాడివి?” అని అడుగు. గదిలో నడుస్తూ గట్టిగా చదివేవాడు, నాకు గుర్తుంది. కానీ వాడి నోటితోనే రానీ. డెబ్బై ఏళ్లు తనను సోమరిపోతు అనుకుంటూ బతికిన మనిషి, తన చిట్కా మనవడికి అక్కరకొచ్చిందని తెలిస్తే అక్కడి నుంచి ఎంతదూరం వెళ్లాలో తనే చూసుకుంటాడు. పరీక్ష చేయించుకుంటానంటే తోడు వెళ్లు. వద్దంటే వదిలెయ్యి.

శనివారం ఫోన్ చెయ్యి, సాయంత్రం ఆరు తర్వాత. ఏం మాట్లాడాలో నేను ముందే కాగితం మీద రాసుకోవాలి కదా.

మీ అత్త